రేవు దాటి వచ్చినవి, రేవు దాటి పోయినవి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రపంచీకరణ మన బతుకు తీరును ఎలా మారుస్తోందన్న విషయం మీద ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి కనుక ఈసారి శీర్షికను ఆ ప్రాంతపు పాఠకులకే కేటాయిస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించి, పేర్లు తీసివేసి, ఊళ్ళు మాత్రం ఉంచాం.

ప్రశ్న: ప్రపంచీకరణ 1991లో మొదలైందని మా మనవలు చెబుతున్నారు. నేను చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. అంతకుముందు మన తీరానికి ప్రపంచంతో సంబంధమే లేదా? ఉంటే, అప్పటిదానికీ ఇప్పటిదానికీ తేడా ఎక్కడుంది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: 1991లో జరిగింది దిగుమతి సుంకాలను తగ్గించడం, లైసెన్సులను సడలించడం, విదేశీ పెట్టుబడిని రానివ్వడం. అది ఒక ఆర్థిక విధానానికి మొదలే గాని, మన తీరం ప్రపంచంతో కలవడానికి మొదలు కాదు. 1786లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి పాడుబడిన గుడి ఇటుకలు తగిలితే, వాటి కింద ఒక కుండలో ట్రాజన్, హాడ్రియన్ వంటి రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు బయటపడ్డాయి. క్రీస్తుశకం 2వ శతాబ్దంలోనే రోము బంగారం ఈ తీరానికి చేరిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మోటుపల్లి సంగతి మీరు తరగతిలో చెప్పే ఉంటారు. నిన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన ఆ రేవులో 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది. గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాము మాత్రం ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రంలోకి దిగిన వర్తకుల మీద దయతో న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ ఆ శాసనం ప్రకటిస్తుంది. చందనం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, ఇలా దేనికెంత సుంకమో అందులో చెక్కించారు. ఆ శతాబ్దం చివరిలో ఈ దేశం గురించి రాసిన మార్కో పోలో, ఇక్కడ దొరికే సన్నని బట్టను సాలెగూడుతో పోల్చాడు. ఆ తరువాత 1626 ప్రాంతంలో ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నం దగ్గర, తాము ఆర్మగాన్ అని పిలుచుకున్న చోట, ఆంగ్లేయులు కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే ఇంకా మంచి బట్ట ఇంకా తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్ళి 1639లో ఒక స్థలం సంపాదించాడు, అదే చెన్నపట్నమైంది.

ఇక్కడొక విశేషం చెప్పుకోవాలి. విదేశీ సరుకు వచ్చి సంస్కృతిని పాడుచేస్తోందన్న గగ్గోలు మనకన్నా ముందు ఐరోపాలో పుట్టింది. అక్కడ గగ్గోలు మన బట్ట మీదే. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలను ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని ఆపి, అది చాలక 1721లో వాటిని కట్టుకోవడాన్నే నేరం చేసింది. అంతకు కొద్దికాలం ముందు లండన్ వీధుల్లో నేతపనివారు ఆ బట్టలు కట్టుకున్న ఆడవారిని వెంబడించి, ఒంటిమీది గుడ్డను చింపిన సంఘటనలున్నాయి. తమ నేత పోతుందన్న భయాన్ని వారు తమ మర్యాద పోతుందన్న మాటగా చెప్పుకున్నారు. ఈ రెండు భయాలూ కలిసిపోవడం నేటికీ చూస్తున్నాం.

మీరడిగిన తేడా నా దృష్టిలో రెండు చోట్ల ఉంది. మొదటిది వ్యవధి. మిరపకాయ అమెరికా ఖండాల పంట. 1498 తరువాత పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంతకుముందు ఈ తీరంలో కారమంటే మిరియమే. ఈనాడు నెల్లూరు చేపల పులుసును మిరపపొడి లేకుండా ఊహించగలమా? టమాటా వేసేవారుంటే అదీ అమెరికా నుంచి వచ్చినదే. చింతచెట్టు అయితే ఏనాడో ఆఫ్రికా నుంచి వచ్చి మనదైపోయింది. అంత పరాయి సరుకుతో వండిన పులుసు ఈ జిల్లా పేరుతోనే చలామణీ అవుతోందంటే, వచ్చినదాన్ని నిదానంగా తన రుచికి వంచుకోవడానికి ఊరికి తరాల కాలం దొరికింది కనుకనే. ఇప్పుడు అంత కాలం ఎవరూ ఇవ్వడం లేదు. రెండవ తేడా అంతకన్నా పెద్దది: షరతులు ఎవరు రాస్తున్నారన్నది. గణపతిదేవుడు తన రేవులో తన సుంకాన్ని తానే నిర్ణయించి రాతి మీద చెక్కించాడు. కింది జవాబుల్లో వచ్చే రొయ్యకూ, గిత్తకూ ఆ వెసులుబాటు లేదు.

ప్రశ్న: బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి ఆవు కోట్ల ధర పలికిందని పత్రికల్లో చదివి సంతోషించాం. కానీ మా ఊళ్ళో అరక కట్టే ఎద్దులే కనిపించడం లేదు. మన పశువు ప్రపంచమంతా పాకింది కదా, అది మన సంస్కృతి గెలిచినట్టా, ఓడినట్టా?
— రైతు, కరవది పరిసరాలు

జవాబు: ముందు వివరాలు చూద్దాం. బ్రెజిల్‌లో ఆ జాతిని నెలోర్ అంటారు. ఒంగోలు ప్రాంతం 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కనుక ఓడ మీద ఎక్కిన పేరు అదే అయింది. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఒక ఓడ బహియా రాష్ట్రంలోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒక జంటను అక్కడే అమ్మేశారన్నది ఆ దేశపు పశువుల పెంపకందారులు చెప్పుకునే తొలి ఘట్టం. తరువాత విడతలు విడతలుగా వెళ్ళాయి. 1960ల మొదట్లో వెళ్ళిన చివరి పెద్ద విడతలో మీ ఊరి పేరే పెట్టుకున్న కరవది అనే గిత్త ఉంది. నేటి బ్రెజిల్ మందల వంశవృక్షాల్లో దాని పేరు తరచుగా కనిపిస్తుంది. ఆ దేశంలో ఇప్పుడు 20 కోట్లకు పైగా పశువులుంటే, మాంసం కోసం పెంచేవాటిలో అత్యధిక భాగం ఈ జాతివో, దీని సంకరాలో. మీరు చదివిన ఆవు వియాటినా-19. 2023లో దానిలో మూడో వంతు వాటా అమ్ముడైన ధరను బట్టి మొత్తం విలువను 40 లక్షల డాలర్లకు పైగా లెక్కకట్టారు.

ఎందుకింతగా నిలదొక్కుకుంది? వేడిని ఓర్చుకునే వదులు చర్మం, పిడుదులను తట్టుకునే శక్తి, నాసిరకం గడ్డితోనూ ఒళ్ళు నిలుపుకునే గుణం. మన మెట్ట రైతు వందల ఏళ్ళుగా ఎంపిక చేసి నిలబెట్టిన గుణాలివి. అక్కడ వాటికి ఆఫ్రికా నుంచి తెచ్చిన గడ్డి రకాలు తోడయ్యాయి. ఇప్పుడు ఆ మాంసాన్ని అన్నిటికన్నా ఎక్కువగా కొనేది చైనా. ఒంగోలు గిత్త సంతతి ఆఫ్రికా గడ్డి తిని, దక్షిణ అమెరికా నేల మీద పెరిగి, తూర్పు ఆసియా పళ్ళెంలోకి చేరుతోందన్నమాట. అమెజాన్‌లో నరికిన అడవిలో అధిక భాగం పశువుల పచ్చిక బయళ్ళుగానే మారిందన్న సంగతిని కూడా మన గర్వంతో పాటే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక గెలుపోటముల మాట. ఓడ ఎక్కింది పశువే. దాని చుట్టూ ఇక్కడ అల్లుకున్నదేదీ ఓడ ఎక్కలేదు. ఏరువాక పున్నమినాడు కొమ్ములకు రంగులు పూయడం, కనుమనాడు కడిగి బొట్టుపెట్టడం, దూడ మూపురాన్నీ గంగడోలునూ తడిమి చూసి దాని భవిష్యత్తు చెప్పే పెద్దల కన్ను, ఇవేవీ అక్కడికి వెళ్ళలేదు. అక్కడ వేరే సంస్కృతి పుట్టింది: ఉబెరాబా నగరంలో ఏటా జరిగే జెబూ (మూపురం ఉన్న జాతుల) పశువుల ప్రదర్శన, టెలివిజన్‌లో వేలంపాటలు, వంశావళి పుస్తకాలు. అది వారిది, దానికి మనం తండ్రులం కాము. అలాగని దొంగతనమనడానికీ లేదు. జన్యుసంపద మీద ఆయా దేశాలకు హక్కు ఉందని అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది 1992లో. మన జీవవైవిధ్య చట్టం వచ్చింది 2002లో. గిత్తలు వెళ్ళింది అంతకు ఎంతో ముందు, ధర కట్టి, రైతు ఇష్టపడి అమ్మితేనే.

మన ఓటమి ఏమైనా ఉంటే అది బ్రెజిల్‌లో కాదు, మన చేలోనే జరిగింది. ట్రాక్టరు వచ్చింది, కమతాలు చిన్నవయ్యాయి, బీళ్ళు పోయి పచ్చగడ్డి కరువైంది, పాల కేంద్రం వెన్నశాతాన్ని చూసి డబ్బిస్తుంది కనుక గేదె లాభసాటి అయింది. పని పోయిన పశువుకు ప్రతిష్ఠ మాత్రం మిగిలింది. అందుకే సంక్రాంతికీ తిరునాళ్ళకూ బండలాగుడు పందేల్లో జత ఎద్దులను లక్షలు పోసి పెంచేవారు కనిపిస్తారు, అరక కట్టేవారు కనిపించరు. చదలవాడ పశుక్షేత్రం వంటివి జాతిని కాపాడగలవు. రైతు వాకిట్లో దానికి ఉన్న చోటును ఏ క్షేత్రమూ తిరిగి తేలేదు. బ్రెజిల్‌ను చూసి అసూయపడటం కన్నా, సేద్యంలో ఏ చిన్న పనికైనా ఎద్దు గిట్టుబాటయ్యే లెక్క ఉందా అని చూడటం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళికి మెహందీ, సంగీత్, హల్దీ మూడూ పెట్టాలని పిల్లలు పట్టుబట్టారు. పసుపు రంగు బట్టలకే చాలా ఖర్చయింది. మా అత్తగారు మాత్రం నలుగు పాటలు పాడేవారు లేరని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇదంతా పాశ్చాత్య ప్రభావమేనా?
— గృహిణి, కావలి

జవాబు: అమ్మా, ఇందులో పశ్చిమ దేశాల పాలు తక్కువ, ఉత్తర భారతం పాలు ఎక్కువ. 1990ల నుంచి హిందీ సినిమా విదేశాల్లో ఉన్న భారతీయులను మంచి మార్కెట్టుగా గుర్తించి, పంజాబీ పెళ్ళిని రంగురంగుల వేడుకగా చూపించింది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు అది భారతీయ వివాహం అన్నదానికి నమూనా అయింది. అక్కడి నుంచి ఫొటోల రూపంలో కావలికి వచ్చింది. ఢిల్లీ వేడుక డల్లాస్ మీదుగా నెల్లూరు జిల్లాకు చేరడమే ప్రపంచీకరణ. బయటిదంటే ఎప్పుడూ తెల్లవారిదే కానక్కరలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసినది మీ అత్తగారి మాట. మీ ఇంటి పెళ్ళిలో ఏమి మారింది, ఏమి మారలేదు అని ఒకసారి లెక్క చూడండి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అరుంధతి దర్శనం మారి ఉండవు. మారినవి నలుగు, పెళ్ళికూతురిని చేయడం, బంతులాట, అప్పగింతల పాట. పురోహితుడి చేతిలో ఉన్న భాగం పుస్తకంలో ఉంది, దానికి సంభావన ఉంది, ముహూర్తం ఉంది. అందుకే అది నిలిచింది. ముత్తైదువల నోటిలో ఉన్న భాగానికి పుస్తకం లేదు, జీతం లేదు, ఆ పాటను అడిగి నేర్చుకున్నవారూ లేరు. ఖాళీ అయిన ఆ చోటులోకే సంగీత్ వచ్చి కూర్చుంది. హల్దీ వచ్చి నలుగును తరిమిందని అనుకుంటాం గాని, చాలా ఇళ్ళలో నలుగు అప్పటికే పది నిమిషాల తంతుగా కుదించుకుపోయింది.

గోరింటాకును మాత్రం పరాయిదనకండి. ఆషాఢంలో రుబ్బి పెట్టుకునే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. మీ అత్తగారికి ఎన్ని నలుగు పాటలు గుర్తున్నాయో ఫోనులో పాడించి ఉంచండి. మీ చిన్నమ్మాయి పెళ్ళి ఇంకా ఉందని రాశారు. హల్దీ నాడు మైకు పెట్టేవారు ఉండనే ఉంటారు, అందులో రెండు పాటలు ఆమె చేత పాడిస్తే పిల్లలు అడ్డుచెబుతారని నేననుకోను. ఖర్చు విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తున్నాను. ఒక పూట కట్టుకుని మళ్ళీ ముట్టని పసుపు బట్టలను సంస్కృతి అనడం కష్టం.

ప్రశ్న: చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ప్రపంచమంతా వెళుతోంది. దానితో మన సంస్కృతి కూడా వెళ్ళినట్టేనా?
— విద్యార్థి, చీమకుర్తి

జవాబు: వెళ్ళలేదు. ఆ నల్లరాయి విదేశాల్లో వంటగది బల్లలుగా, సమాధి ఫలకాలుగా మారినప్పుడు దాని మీద చీమకుర్తి జాడ ఏదీ ఉండదు. రాయిని దిమ్మెగా పంపినంతకాలం వెళ్ళేది సరుకే. శిల్పంగా చెక్కి పంపిన రోజున ఈ ప్రశ్న మళ్ళీ అడగండి.

ప్రశ్న: మా ఊరి కుర్రాళ్ళు పిజ్జా తింటూ కొరియా సీరియళ్ళు తెలుగు డబ్బింగులో చూస్తున్నారు. లోకమంతా ఒకే మూసలోకి పోతోందా? అమెరికా అందరినీ మింగేస్తోందా?
— కళాశాల విద్యార్థిని, నెల్లూరు

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. అమెరికా అందరినీ మింగేసి ఉంటే కొరియా సీరియల్ నెల్లూరు దాకా ఎలా వచ్చేది? దక్షిణ కొరియా తన సినిమా హాళ్ళలో ఏడాదికి ఇన్ని రోజులు స్వదేశీ చిత్రాలు ఆడి తీరాలన్న నియమాన్ని దశాబ్దాల పాటు పాటించింది; అమెరికాతో వాణిజ్య ఒప్పందపు చర్చల సమయంలో, 2006లో, ఆ సంఖ్యను 146 నుంచి 73కు తగ్గించింది. తన పరిశ్రమకు కాళ్ళు వచ్చేదాకా కాపుకాసి, తరువాత బయటికి వదిలింది. ఫ్రాన్సు కూడా సినిమా, టెలివిజన్లను మామూలు సరుకుల వలె వ్యాపార ఒప్పందాల్లో చేర్చకూడదని వాదించింది. ఆ వాదనకు ప్రపంచవ్యాప్తంగా బలం చేకూరి 2005లో యునెస్కో సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్యాన్ని కాపాడే ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు 148 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. వ్యతిరేకించినవి అమెరికా, ఇజ్రాయెల్ రెండే.

అలాగే వచ్చిన ప్రతిదీ మూసలాగే ఉండిపోదు. 1996లో మన దేశంలో దుకాణం తెరిచిన మెక్‌డొనాల్డ్స్ తన ప్రధాన సరుకైన గొడ్డుమాంసాన్నే వదులుకుని ఆలూ టిక్కీ అమ్మవలసి వచ్చింది. రుచిని ఊరు వంచగలిగింది. దుకాణపు పద్ధతిని, అంటే కొలతలు, వేగం, ఎక్కడ చూసినా ఒకటే రంగు, ఒకటే బల్ల, వాటిని వంచలేకపోయింది. పళ్ళెంలో ఏముందో చూసి వాదించుకునేవారు ఈ రెండవ సంగతిని పట్టించుకోరు.

ఇంకొక మాట. అమెరికా నెల్లూరుకు పిజ్జాతో రాలేదు, 1840లో శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీతో వచ్చింది. ఒంగోలులో 1866 నుంచి పనిచేసిన జాన్ క్లౌ, 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు అంటరానివారని ఊరు దూరంగా ఉంచిన కుటుంబాలవారు. వారికి విదేశం నుంచి వచ్చింది పలక, బలపం, పేరుపెట్టి పిలిచే గౌరవం. ఆ సంఘాల్లో పాడుకునే కీర్తనలు మన రాగాల్లో, మన తాళాల్లో కూర్చినవి. సంస్కృతి పోతోందని బాధపడేటప్పుడు ఎవరి సంస్కృతి అని అడగడం అందుకే అవసరం. ఊరి మధ్యలో ఉన్నవారికి నష్టంగా కనిపించినది వాడలో ఉన్నవారికి విడుదలగా కనిపించి ఉండవచ్చు.

ప్రశ్న: మీరెప్పుడూ పాటలు, బట్టలు, పండుగలు అంటారు. మా రొయ్యల గుంటల్లో సంస్కృతి ఏముంది? అమెరికా సుంకం వేస్తే మా బతుకు తలకిందులవుతోంది. దాని గురించి రాయండి.
— రొయ్యల రైతు, ఇందుకూరుపేట

జవాబు: మీ కోపం న్యాయమైనదే. మీరు వేసే వెనామీ రొయ్య మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరపు ప్రాణి. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి మన టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టిన అనుభవం మీ పెద్దలకు ఉంది. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక తల్లి రొయ్యలు విదేశాల నుంచి, పంట ఇక్కడ, తినేవారు మళ్ళీ విదేశాల్లో అన్న ఏర్పాటు స్థిరపడింది. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరను నిర్ణయించేది వేల మైళ్ళ దూరంలో ఉన్న కొనుగోలుదారు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ నేరుగా గుంట గట్టు మీదికే వచ్చింది. మొదటి జవాబులో చెప్పిన మోటుపల్లి శాసనాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

సంస్కృతి ఏముందని అడిగారు. చాలా ఉంది. వరి చేను ఉన్నప్పుడు నారుమడి, నాటు, కలుపు, కోత, నూర్పిడి అన్నవి ఊరి సంవత్సరాన్ని నడిపేవి. నాట్లలో పదిమంది ఆడవారు వంగి ఒక వరుసలో కదులుతూ పాట అందుకునేవారు. కొత్త బియ్యంతో పొంగలి పెట్టేవారు. నెల్లూరు మొలగొలుకుల పేరు చెబితే మద్రాసు దాకా గౌరవం ఉండేది. చేను గుంటగా మారిన చోట కూలికి పని తగ్గింది, ఊరిలోని ఆడవారు పనికోసం బయటికి వెళ్ళవలసి వచ్చింది, పాట దానంతట అదే ఆగిపోయింది. గుంట నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడులో రాత్రంతా గట్టు మీద కాపలా ఉండే మనిషికి పండుగ రోజు వేరు, మామూలు రోజు వేరు కాదు. మంచినీటి బావులు ఉప్పెక్కిన ఊళ్ళవారు కోర్టులకు వెళితే 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరానికి ఆనుకుని ఉన్న గుంటల మీద కఠినమైన ఆదేశాలిచ్చింది. 2005లో ఆ వ్యవహారాలకు ప్రత్యేక చట్టమే వచ్చింది. గుంటల వల్ల పక్కా ఇల్లు, పిల్లల ఇంజనీరింగు చదువు, విదేశీ ప్రయాణం సంపాదించుకున్న కుటుంబాలు కూడా ఈ మండలాల్లోనే ఉన్నాయి, ఆ సంగతి దాచనక్కరలేదు. ఏరులూ కాలువలూ నమ్ముకుని చేపలూ పీతలూ పట్టుకున్న యానాది కుటుంబాలకు మాత్రం ఆ లాభంలో దక్కింది ఎక్కువగా కాపలా పనే.

పండిన రొయ్యలో పెద్ద భాగం మన మార్కెట్లోకే రాదు. దేశంలో తినేవారిని పెంచుకోవడం, ఒక్క దేశం మీదే ఆధారపడకుండా జపాను, ఐరోపా మార్కెట్లను వెతకడం అన్న మాటలు 2025 తరువాత గట్టిగా వినిపిస్తున్నాయి. అవి మాటలుగా ఉండిపోకూడదని మీరు, మీ సంఘాలు అడగవలసి ఉంది.

ప్రశ్న: బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో వీసా రొట్టె పట్టుకోవడం భక్తికి అపచారం కాదా?
— పాఠకుడు, వేదాయపాళెం

జవాబు: కాదు. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తే కోరిక ఉన్నవారు తీసుకోవడమే ఆ పండుగ ఆచారం. సంతానం, ఆరోగ్యం, వివాహం, ఉద్యోగం అన్నవి ఒకప్పటి కోరికలైతే వీసా నేటి కోరిక. మతం అడగకుండా రొట్టె చేతులు మారుతున్నంతకాలం అందులో కొత్త పేరు చేరడం పండుగ బతికి ఉందనడానికి గుర్తు. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించాక పెరిగిన బారికేడ్లూ ఫ్లెక్సీలూ నన్ను ఎక్కువ ఇబ్బందిపెడతాయి.

ప్రశ్న: మా ఉదయగిరిలో కొయ్య చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. ఫోర్కు మనది కాదు కదా, దాన్ని మన కళ అని ఎలా అంటున్నారు?
— పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: ఫోర్కు ఆకారం బయటిది, దాని పిడి మీద మీ ఊరి ఆడవారు తొలిచే లతలు, జాలీ పని మీవి. బయటి ఆకారాన్ని తీసుకుని లోపలి నైపుణ్యాన్ని అమ్ముకోవడం బతకనేర్చిన కళ లక్షణం. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు కూడా ఇదే చేశారు. ఆట చూసేవారు కరువైనప్పుడు అదే తోలుతో, అదే రంగులతో దీపపు తొడుగులు చేసి అమ్ముతున్నారు. అక్కడ చేయి నిలిచింది గాని కథ పోయింది. రాత్రంతా రామాయణం ఆడించే గొంతు దీపపు తొడుగుకు అవసరం లేదు. ఉదయగిరిలో పోగొట్టుకోవడానికి కథ లేదు కనుక మీ నష్టం తక్కువ. మీరు చూసుకోవలసింది కొయ్య ఉందా, చెక్కే చేతికి కూలి గిట్టుతోందా అన్నదే. పట్నాల్లో పలికే ధరకూ చెక్కిన చేతికి అందే సొమ్ముకూ ఉన్న దూరాన్ని మీరే బాగా ఎరుగుదురు.

ప్రశ్న: మా మనవలు టెక్సాస్‌లో పుట్టారు. వీడియో కాల్‌లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతారు. రెండు తరాలు పోతే మన భాష అక్కడ మిగులుతుందా? నేను కూడా ఇంగ్లీషు నేర్చుకోవాలా?
— నాయనమ్మ, కందుకూరు

జవాబు: అమ్మా, మారిషస్‌ను చూద్దాం. 1830ల నుంచి చెరకు తోటల పనికి ఒప్పందం మీద వెళ్ళిన తెలుగువారి సంతతి అక్కడ ఉంది. అక్కడ ఉగాది సెలవు దినం, బడిలో తెలుగు నేర్పుతారు, సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామభజన పాడతారు. ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం ఎక్కువగా ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష క్రియోల్. పండుగ, పేరు, పూజ తరాలు దాటి నిలిచాయి, కబుర్ల భాష నిలవలేదు. మీ మనవల పిల్లలకు కూడా అదే జరిగే అవకాశం ఎక్కువ. దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పలేను.

ఈ సందర్భంలో ఒక సంగతి మనవైపు నుంచీ చూడాలి. మన రెండు జిల్లాల్లో ఎరుకలవారికి తమిళానికి దగ్గరగా ఉండే సొంత భాష ఉంది. బడిలో అది లేదు, కార్యాలయంలో లేదు, బజారులో దాన్ని మాట్లాడితే నవ్వేవారున్నారు. అందుకని చాలామంది తల్లిదండ్రులు పిల్లలతో తెలుగే మాట్లాడుతున్నారు. టెక్సాస్‌లో ఇంగ్లీషు తెలుగుకు చేస్తున్నదే కందుకూరులో తెలుగు ఎరుకల భాషకు చేస్తోంది. ఇంగ్లీషు మీద ఫిర్యాదు రాసే మనవారెవరూ ఈ రెండవ ఫిర్యాదును ఇంతవరకు మాకు రాయలేదు.

మీ రెండవ ప్రశ్నకు వస్తాను. మీ సరదా కోసం ఇంగ్లీషు నేర్చుకోండి గాని, మనవల కోసం అక్కర్లేదు. మీరు తెలుగులో అడిగినదానికి వారు ఇంగ్లీషులోనైనా సరైన జవాబు చెబుతున్నారంటే తెలుగు వారికి అర్థమవుతోంది. అర్థం చేసుకునే భాష, అవసరమొచ్చినప్పుడు, నోటికి త్వరగా వస్తుంది. సెలవుల్లో ఇక్కడికి వచ్చి పక్కింటి పిల్లలతో ఆడుకునే రెండు మూడు వారాల్లోనే ఆ మార్పు చాలామంది చూశారు. వారు ఏ భాషలో జవాబు చెప్పినా మీరు మాత్రం తెలుగు వదలకండి, తప్పులు దిద్దకండి, తెలుగులో చెప్పమని బలవంతపెట్టకండి. బాగున్నారా, తిన్నారా అన్న రెండు ప్రశ్నలతో ఆపితే ఆ రెండు మాటలే వస్తాయి. వారి నాన్న చిన్నప్పుడు చేసిన అల్లరి, ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారు, పులుసు కాగేటప్పుడు ఉప్పు ఎలా చూస్తారు, ఇలాంటివి చెప్పండి. వీలైతే తల్లిదండ్రులు పక్కన లేని సమయంలో ఫోను చేయండి; తర్జుమా చేసిపెట్టేవారు లేనప్పుడు పిల్లలు తమంతట తాము మాటలు వెతుక్కుంటారు.